జూన్‌లో దిగాను, సైట్ మీద ఎండకు తట్టుకోలేకపోతున్నాను. సలహా చెప్పండి

అబుదాబి నుంచి (కొత్తగా వచ్చాను)

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈ నెలలోనే వచ్చాను, స్కాఫోల్డింగ్ పని, అంటే బిల్డింగ్ చుట్టూ ఇనుప పైపులతో పరంజా కట్టడం. తెల్లారకముందే బస్సెక్కిస్తారు, మధ్యాహ్నం 12:30కి ఆపి 3 తర్వాత మళ్లీ పైకి ఎక్కిస్తారు. ఎండలో పని నాకు కొత్త కాదు, చిన్నప్పటినుంచీ చేసిందే. అయినా ఇక్కడ పది గంటలయ్యేసరికి తల పగిలిపోతోంది, కడుపులో తిప్పుతోంది, రాత్రి పడుకుంటే పిక్కలు పట్టేస్తున్నాయి. రూమ్‌లోవాళ్లు "అందరికీ ఇంతే, అలవాటైపోతుంది" అంటున్నారు. ఫోర్‌మన్‌కి చెప్తే పని ఎగ్గొట్టడానికి సాకు అనుకుంటాడేమోనని టెన్షన్. నిజంగా అలవాటవుతుందా? అప్పటిదాకా ఏం చేయాలి?

దుబాయ్ నుంచి (సైట్ సేఫ్టీలో పని)

తమ్ముడూ, అలవాటవుతుంది. కానీ ఆ అలవాటు పడే రోజులే అన్నిటికంటే ప్రమాదకరమైనవి. అది మీ రూమ్‌వాళ్లు చెప్పట్లేదు. అమెరికాలో పనివాళ్ల భద్రత చూసే ఓషా అనే ప్రభుత్వ సంస్థ చెప్పేదేమిటంటే, ఎండలో పనిచేస్తూ వడదెబ్బకు చనిపోయేవాళ్లలో 50 నుంచి 70 శాతం మంది ఆ వేడిలో పని మొదలుపెట్టిన మొదటి కొన్ని రోజుల్లోనే పోతున్నారు. వయసులో ఉన్నాను, కండ ఉంది అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

ఒంటికి ఈ వేడి అలవాటు కావడానికి ఒక వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో లోపల చాలా మార్పులు జరుగుతాయి. చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, ఒంట్లో రక్తం పరిమాణం కొంచెం పెరిగి గుండె మీద భారం తగ్గుతుంది. ఇవేవీ పూర్తికాకముందే నీ చేత పాతవాళ్లతో సమానంగా పని చేయిస్తే ఒళ్లు తట్టుకోదు. అందుకే ఓషా కొత్తవాళ్లకి ఒక పద్ధతి చెప్తుంది. మొదటి రోజు ఆ వేడిలో మామూలు పనిలో 20 శాతమే, ఆ తర్వాత రోజుకి 20 శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలి. "మన కంపెనీల్లో ఇట్లా ఎవరిస్తారన్నా" అంటావు, నాకూ తెలుసు. కానీ ఆ మాట ఎత్తకుండానే అడగగలిగినవి ఉన్నాయి. మొదటి రెండు వారాలు కింద ఉండి పైపులు, క్లాంపులు అందించే పని ఇవ్వమను. బరువు మోసే పని తొమ్మిదిలోపే పెట్టమను. ఒంటరిగా ఏ మూలకీ పంపొద్దను.

ఇక ఎండ కొత్త కాదన్నావు. నీకు కొత్తది ఎండ కాదు, ఉక్క. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. ఇక్కడ సముద్రం పక్కన జులై, ఆగస్టుల్లో గాలిలో తేమ ఎంతుంటుందంటే చెమట కారిపోతుంది తప్ప ఆరదు. నీళ్లూ ఉప్పూ పోతాయి, చల్లదనం మాత్రం రాదు. పొడిగా ఉండే 45 డిగ్రీల కన్నా ఉక్కతో ఉండే 38 డిగ్రీలు ఎక్కువ దెబ్బతీయొచ్చు. పైగా ఒళ్లంతా కప్పే కవరాల్, హెల్మెట్, పైనుంచి పడకుండా కట్టుకునే హార్నెస్, గ్లవ్స్. పది దాటాక ఇనుప పైపు పెనంలా కాలిపోతుంటుంది. అందుకే ఫోన్‌లో డిగ్రీలు మాత్రమే చూసి "ఇవాళ తక్కువే" అనుకోకు, పక్కన తేమ శాతం కూడా చూడు. ఖతార్‌లో 2021లో తెచ్చిన రూల్ ఈ లెక్క మీదే ఉంది. వేడి, తేమ, గాలి, ఎండ నాలుగూ కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ మీటర్ 32.1 డిగ్రీలు దాటిందంటే టైమ్ ఎంతైనా సరే బయట పని ఆపాల్సిందే. మీ సైట్‌లో కూడా సేఫ్టీ ఆఫీసర్ దగ్గర ఆ మీటర్ ఉండొచ్చు. అడిగి చూడు, అడిగేవాళ్లుంటేనే దాన్ని బయటికి తీస్తారు.

నీళ్ల సంగతి. దాహమయ్యాక తాగితే ఆలస్యమైనట్టే. 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరు దాకా. గంటకి లీటరున్నర దాటొద్దు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు పట్టిస్తే రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది, అది కూడా ప్రాణం మీదికి తెస్తుంది. సైట్లలో నేను ఎక్కువగా చూసే సమస్య మాత్రం వేరు. టాయిలెట్ దూరం, పైనుంచి దిగాలంటే హార్నెస్ విప్పాలి, ఫోర్‌మన్ గుర్రుమంటాడు. దాంతో కుర్రాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. అట్లా రోజూ ఎండబెట్టుకుంటే కొన్నాళ్లకి కిడ్నీలు పాడవుతాయి. మూత్రం రంగు చూసుకోవడం అలవాటు చేసుకో. లేత పసుపు అయితే సరే, ముదురు పసుపు అయితే నీళ్లు చాలట్లేదు. కోలా రంగులోకి మారితే ఇక నీళ్లు తాగి సరిపెట్టుకోవద్దు, ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లాలి.

పిక్కలు పట్టేయడం ఉప్పు పోయిందని చెప్తోంది. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలుపు, చిక్కగా చేయకు. పొడి దొరకకపోతే లీటరు మంచినీళ్లకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, తలగొట్టి కొలవాలి. ఎనర్జీ డ్రింకులు మాత్రం వద్దు. అలసట తెలియనివ్వవు, గుండె దడ పెంచుతాయి. అలసట తెలియాలి కూడా, లేకపోతే ఎక్కడ ఆగాలో ఎట్లా తెలుస్తుంది?

కువైట్ నుంచి

పైన అన్న చెప్పింది సముద్రం పక్కన ఉక్క గురించి. మా వైపు చాలా రోజులు పొడి గాలి, దాంతో ఇంకో ఇబ్బంది. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా తడవదు. "నాకు చెమటే పట్టట్లేదు, బాగానే ఉన్నా" అనుకుంటారు. నాలుక పిడచకట్టుకుపోయేదాకా తెలియదు. మా మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ఆసియాలోనే రికార్డుగా ఒప్పుకుంది. అదీ నీడలో పెట్టిన థర్మామీటర్ లెక్క, ఎండలో నిలబడ్డవాడి సంగతి నువ్వే ఊహించుకో.

మధ్యాహ్నం పని ఆపే టైమ్ దేశానికో తీరు. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు ఆఖరు వరకు 11 నుంచి 4. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు 10 నుంచి 3:30. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు 12 నుంచి 3. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 12:30 నుంచి 3:30. మీ యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు 12:30 నుంచి 3. కానీ ఈ టైమ్ కాకుండా మిగతా టైమంతా సేఫ్ అనుకుంటే పొరపాటే తమ్ముడూ. నీకు తల తిరుగుతున్నది పదింటికి కదా.

అబుదాబి నుంచి (కొత్తగా వచ్చాను)

చాలా థ్యాంక్స్ అన్నా. నిన్న మా పక్క గ్యాంగ్‌లో ఒకాయన కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాడు. ఒకరు నీళ్లు తాగించబోయారు, ఇంకొకరు ముట్టుకోవద్దు, ఆంబులెన్స్ రానివ్వండి అన్నారు. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నాడు. మళ్లీ అట్లా జరిగితే ఏం చేయాలి? అంత చెమట పట్టి ఉంటే అది వడదెబ్బ కాదు అంటున్నారు, నిజమేనా?

షార్జా నుంచి (నర్సు)

తమ్ముడూ, ఆ మాట వదిలెయ్. వడదెబ్బ తగిలితే ఒళ్లు పొడిబారిపోతుంది అనేది ఇంట్లో ఉండే ముసలివాళ్లలో ఎక్కువగా కనిపించే లక్షణం. కష్టపడి పనిచేస్తూ పడిపోయేవాళ్లకి ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే వడదెబ్బ తగలొచ్చు. చెమట కాదు, మనిషి తెలివి చూడాలి. పేరు అడుగు, ఇప్పుడు ఎక్కడున్నావో అడుగు. తికమకగా మాట్లాడినా, తూలుతున్నా, ఊరికే కోప్పడుతున్నా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బే అనుకుని చల్లబరచడం మొదలుపెట్టాలి. లోపల 40 డిగ్రీలు దాటి ఉంటుంది, ప్రతి నిమిషమూ లెక్కే.

ఒకరు 998కి ఫోన్ చేయాలి. యూఏఈలో ఆంబులెన్స్ నంబర్ అదే. మిగతావాళ్లు ఆంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ నిలబడకూడదు, ముట్టుకోవాలి, చల్లబరచాలి. ముందు నీడలోకి లాగండి. బూట్లు, హార్నెస్, కవరాల్ తీసేయండి. మొహమాటం వద్దు. తల నుంచి కాళ్ల దాకా నీళ్లు పోస్తూనే ఉండండి, అట్టముక్కతో అయినా గట్టిగా విసరండి. నీళ్ల టబ్బు ఉంటే మెడ వరకు అందులో కూర్చోబెట్టి తల పట్టుకోవడం అన్నిటికంటే మేలు. ఐసు తక్కువ ఉంటే మెడ, చంకలు, గజ్జలు, ఈ మూడు చోట్లా పెట్టండి. తెలివిగా ఉండి సరిగ్గా మింగగలిగితేనే గుక్క గుక్కగా నీళ్లు. తెలివి సరిగా లేనివాడి నోట్లో చుక్క కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పారాసిటమాల్ ఇస్తే తగ్గుతుందని కొందరు జేబులోంచి తీస్తారు, ఇది జ్వరం కాదు, ఆ మాత్ర దీనికి పనిచేయదు.

ఇప్పుడు నీ సంగతి. తలనొప్పి, కడుపులో తిప్పడం, పిక్కలు పట్టడం, ఇవి వడదెబ్బకి ముందు మెట్టు. "అందరికీ ఇంతే" అని ఊరుకునేది కాదు. రేపే క్లినిక్‌లో చూపించుకో, వేడివల్ల ఇట్లా అవుతోందని డాక్టర్‌కి స్పష్టంగా చెప్పు. తేలిక పని ఇవ్వమని డాక్టర్ రాసిన కాగితం నీ చేతిలో ఉంటే ఫోర్‌మన్ ముందు నువ్వు వాదించుకోనక్కర్లేదు. ఇంకో మాట, బీపీకి నీళ్ల బిళ్ల (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) గానీ, జలుబుకి మత్తొచ్చే మాత్ర గానీ వాడుతుంటే అదీ చెప్పు. ఎండ వాటితో కలిస్తే ఒళ్లు ఇంకా త్వరగా వేడెక్కుతుంది. విరేచనాలైన మర్నాడు, రాత్రి తాగిన మర్నాడు పైకి ఎక్కకు.

దుబాయ్ నుంచి (డెలివరీ)

మా బైక్‌వాళ్ల కోసం కూడా ఒక ముక్క. బండి మీద గాలికి చెమట తెలియకుండా ఆరిపోతుంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే అసలు వేడి తెలుస్తుంది. ఎండాకాలంలో రైడర్ల కోసం ఏసీ రెస్ట్ గదులు పెడుతున్నారు, సిగ్గుపడకుండా వెళ్లి కూర్చోండి. కుటుంబంతో ఉన్నవాళ్లకి ఇంకోటి, కారు నిలిపి "రెండు నిమిషాల్లో వస్తా" అని పిల్లల్ని లోపల ఉంచొద్దు. పది నిమిషాల్లోనే లోపల వేడి బయటికన్నా పది డిగ్రీల దాకా ఎక్కువ అవుతుంది, అద్దం కొంచెం దించినా లాభం లేదు.

అబుదాబి నుంచి (కొత్తగా వచ్చాను)

అక్కా, రేపు క్లినిక్‌కి వెళ్తున్నాను. ఇంకొక్కటే సందేహం. క్యాంప్‌కి వచ్చాక స్నానం చేద్దామంటే కుళాయిలో నీళ్లు కాలిపోతున్నాయి. రూమ్ ఏసీ కూడా సరిగ్గా పనిచేయట్లేదు, నిద్ర పట్టట్లేదు.

దుబాయ్ నుంచి (సైట్ సేఫ్టీలో పని)

ట్యాంక్ మేడ మీద ఉంటుంది కాబట్టి ఎండాకాలమంతా అంతే. గీజర్ ఉంటే స్విచ్ ఆపేయ్. అది బాత్రూమ్ లోపల ఉంటుంది కనుక అందులో నీళ్లు రూమ్ వేడికి వచ్చి ఆగుతాయి. అంటే వేడినీళ్ల కుళాయి తిప్పితే చల్లటి నీళ్లు వస్తాయి. ఇక్కడ పాతవాళ్లందరం చేసేదిదే. గీజర్ లేకపోతే పొద్దున డ్యూటీకి పోయేముందు బకెట్ పట్టి మూతపెట్టి గదిలో ఉంచుకో.

ఏసీ విషయం తేలిగ్గా తీసుకోకు. పగలు ఎక్కిన వేడి రాత్రి దిగితేనే మర్నాటికి ఒళ్లు సిద్ధమవుతుంది. రాత్రీ వేడిలోనే పడుకుంటే నిన్నటి అలసట మీద ఇవాల్టిది కూడుతుంది. క్యాంప్ బాస్‌కి నోటిమాటగా కాదు, వాట్సాప్‌లో రాయి, ఫోటో పెట్టు, తేదీ దానంతటదే ఉంటుంది. రూమ్‌లోవాళ్లందరూ కలిసి పెడితే ఇంకా మంచిది.

మధ్యాహ్నం టైమ్‌లో పని చేయిస్తే మాత్రం కార్మిక శాఖ నంబర్ 600590000కి చెప్పొచ్చు. రూల్ తప్పిన కంపెనీకి ఒక్కో మనిషికి 5,000 దిర్హమ్‌లు, మొత్తం 50,000 దాకా జరిమానా ఉంది. కాంక్రీట్ పోయడం, తారు వేయడం, కరెంటు నీళ్ల లైన్లు తెగితే బాగుచేయడం లాంటి ఆపలేని పనులకి మినహాయింపు ఉంది. అయితే అప్పుడు కూడా నీడ, చల్లటి నీళ్లు, ఫస్ట్ ఎయిడ్ ఇవ్వాల్సిందే. మీది స్కాఫోల్డింగ్ కనుక "ఇది ఆపలేని పని" అని చెప్తే ఎందుకు ఆపలేరో అడుగు.

కువైట్ నుంచి

ఒకటి మర్చిపోయారు అన్నా. సెలవు మీద నెలరోజులు ఊరెళ్లి వచ్చిన పాతవాళ్లకీ ఇదే ప్రమాదం. ఒళ్లు ఆ అలవాటంతా పోగొట్టుకుని వస్తుంది, మనకేమో నేను సీనియర్‌ని అనే ధైర్యం. వచ్చిన మొదటి రోజు సగం పని, మూడు నాలుగు రోజుల్లో పూర్తి పనికి రావాలి. మా దగ్గర ఎమర్జెన్సీ నంబర్ 112, ఖతార్‌లో 999, ఒమన్‌లో 9999, సౌదీ ఆంబులెన్స్ 997. తమ్ముడూ, 998ని ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకో, మీ సైట్ గేట్ నంబర్, ప్లాట్ నంబర్ కూడా దాని పక్కన రాసిపెట్టుకో. ఆంబులెన్స్‌వాళ్లు మొదట అడిగేది ఎక్కడికి రావాలనే.