అగత్తిలో పగడపు దిబ్బల సర్వే: ఏం పట్టుకెళ్లాలి?

అలలలెక్క:
జనవరిలో విశాఖ నుంచి కొచ్చి మీదుగా లక్షద్వీప్‌లోని అగత్తి ద్వీపం. మూడు వారాలు లగూన్‌లో (దిబ్బ లోపలి లోతు తక్కువ నీళ్లు) పగడాల ట్రాన్సెక్టులు (టేపు పరిచి దాని వెంట లెక్కించడం), డీఎన్‌ఏ కోసం కొన్ని చేపల రెక్క ముక్కలు. వాటిని నిల్వ చేసే ఇథనాల్ (ఆల్కహాల్) ఎలా తీసుకెళ్లాలి? ఇంకేం మర్చిపోకూడదు?

ఉప్పుగాలి:
ముందు కాగితాలు చూసుకోండి. ద్వీపంలోకి వెళ్లే పర్మిట్ వేరు, నమూనాలు తీసే అనుమతి వేరు. మొదటిది రాగానే బయల్దేరితే అక్కడ పని ఆగిపోతుంది. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్కనైనా సంచిలో వేసుకోవద్దు. పగడాల లెక్కకు ఫొటోలు చాలు, దయచేసి ఏదీ విరవకండి.

నీటికింద:
ఇథనాల్ వద్దండి. మండే ద్రవం కాబట్టి ల్యాబ్ ఇథనాల్ సీసాలు విమానంలో చేతిసంచిలోనూ, చెక్-ఇన్‌లోనూ కుదరవు. పైగా లక్షద్వీప్‌లో మద్యనిషేధం ఉంది, ఆల్కహాల్ సీసాకి ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవాలి. దాని బదులు, కణజాలం పాడవకుండా ఉంచే డీఎంఎస్ఓ (ఒక ద్రావకం) ఉప్పు ద్రావణం ల్యాబ్‌లోనే కలిపి తీసుకెళ్లండి. లీటరుకి: డైసోడియం ఈడీటీఏ 93 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 700 మి.లీ. పొడి సున్నపు ముద్దలా అడుగునే ఉండిపోతుంది, కంగారు పడొద్దు. సోడియం హైడ్రాక్సైడ్ కొద్దికొద్దిగా వేస్తూ పీహెచ్ 8 దగ్గరికి తెస్తే అప్పుడు కరుగుతుంది. తర్వాత డీఎంఎస్ఓ 200 మి.లీ., నీళ్లతో లీటరు చేసి, అడుగున కరగని ఉప్పు మిగిలేదాకా ఉప్పు వేయండి. ఫ్రిజ్ అక్కర్లేదు. కణజాలానికి కనీసం ఐదింతల ద్రావణం ఉండాలి. ముక్క పెద్దదైతే లోపలికి ఇంకక మధ్యలో కుళ్లుతుంది, బియ్యపు గింజంత చాలు.

లగూన్_లెక్కలు:
ట్రాన్సెక్టుకి 50 మీటర్ల ఫైబర్‌గ్లాస్ టేపు. స్టీలుది తుప్పు పడుతుంది. క్వాడ్రాట్‌కి (లెక్కించే చోటు మీద పెట్టే చట్రం) అర అంగుళం పీవీసీ పైపుతో 50 సెం.మీ. చదరం. ఒక్కో వైపు నాలుగు చిల్లులు పెట్టండి. లేకపోతే లోపల గాలి నిలిచి పైకి తేలుతుంది, పట్టుకుని ఫొటో తీయలేరు. నీటికింద రాసే స్లేటుకి పెన్సిల్ దారంతో కట్టండి, ఇంకో రెండు పెన్సిళ్లు అదనంగా ఉంచుకోండి.

అలలలెక్క:
కెమెరా హౌసింగ్ (నీళ్లు చొరని పెట్టె)? బ్యాటరీలు?

నీటికింద:
లీకులకి ఎక్కువగా ఓ-రింగ్ (మూత దగ్గర నీళ్లు ఆపే రబ్బరు రింగు) మీద పడ్డ వెంట్రుకో, ఇసుక రేణువో కారణం. మూసేముందు రింగ్ తీసి, వేళ్ల మధ్య ఒక చుట్టు జార్చి చూడండి, గరుగ్గా తగిలితే తుడవండి. సిలికాన్ గ్రీజు మెరుపు వచ్చేంత చాలు, ఎక్కువైతే ఇసుకని పట్టేస్తుంది. మొదట కెమెరా లేకుండా ముంచి చూడండి. లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే, 100 వాట్-అవర్ లోపు, కొసలకి టేపు అంటించి.

ఉప్పుగాలి:
తిరుగు ప్రయాణం విమానంలో అయితే ఆఖరి స్కూబా డైవ్‌కీ విమానానికీ మధ్య 18 గంటలు వదలండి. ద్వీపంలో మంచినీళ్లు ఇసుక కింద పలచటి పొరే. కడగడానికి ఒక్క బకెట్ పెట్టుకోండి: ముందు కెమెరా, తర్వాత రెగ్యులేటర్ (స్కూబాలో గాలి అందించే పరికరం), చివర్లో టేపు, పైపులు.