స్క్రాచ్‌లో ఉంచిన ఫలితాలు తుడిచిపెట్టుకుపోయాయి: మీరు దేన్ని ఎక్కడ దాచుకుంటున్నారు?

కొత్త పరిశోధకురాలు
భౌతిక శాస్త్ర పరిశోధన సంస్థలో చేరి ఏడాదిన్నర అయింది. డిటెక్టర్ కోసం మాంటీ కార్లో సిమ్యులేషన్లు (యాదృచ్ఛిక సంఖ్యలతో చేసే అనుకరణ లెక్కలు) నడుపుతుంటాను. సోమవారం ఉదయం క్లస్టర్‌లోకి (అందరం పంచుకునే కంప్యూటర్ల సముదాయంలోకి) వెళ్ళి చూస్తే, వేసవిలో నడిపిన వాటి డైరెక్టరీలన్నీ పేర్లతో సహా అలాగే ఉన్నాయి. లోపల మాత్రం ఒక్క ఫైలూ లేదు. ఒకదాని తర్వాత ఒకటి తెరిచాను, అన్నీ ఖాళీయే. ఒళ్ళు చల్లబడిపోయింది. హోమ్‌లో, అంటే నా సొంత డైరెక్టరీలో, కోటా నిండిపోయిందని నేనే వాటిని స్క్రాచ్ అనే తాత్కాలిక నిల్వలోకి మార్చాను. 60 రోజులు ఎవరూ ముట్టని ఫైళ్ళను తొలగిస్తామని, లాగిన్ కాగానే తెర మీద వచ్చే సందేశంలోనే ఉంది. రోజూ చూసి చూసి దాన్ని చదవడం మానేశాను. వాటిని వెనక్కి తెచ్చే దారి ఏదైనా ఉందా? మీరందరూ ఏది ఎక్కడ ఉంచుతున్నారో కూడా చెప్పండి.

క్లస్టర్ నిర్వాహకుడు
పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఇలాంటి విన్నపం ఏటా రెండు మూడు సార్లయినా వస్తుంది, ప్రతిసారీ బాధగానే ఉంటుంది. ఉన్నమాట ముందే చెబుతాను, స్క్రాచ్‌లో పోయినది తిరిగి రాదు. వందల కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) ఒక్కసారిగా రాసినా తట్టుకోవాలని అక్కడ ఒక్కో పెద్ద ఫైలును ముక్కలు చేసి అనేక సర్వర్ల మీద పరుస్తారు. రాతలు, చెరిపివేతలు అంత జోరుగా సాగే చోట బ్యాకప్ తీయడం మొదలుపెడితే, అది పూర్తయ్యేలోపే అసలు మారిపోయి ఉంటుంది. అందుకే దానికి బ్యాకప్ ఉండదు. రెయిడ్ (డేటాను పలు డిస్కుల మీద పరిచి కాపాడే పద్ధతి) ఉంది కదా అని అడుగుతుంటారు. డిస్కు చెడిపోతే రెయిడ్ ఆదుకుంటుంది. తొలగించమని ఆజ్ఞ వస్తే మాత్రం అన్ని డిస్కుల్లోనూ శ్రద్ధగా తొలగిస్తుంది.

హోమ్ సంగతి వేరు. చాలా సంస్థల్లో హోమ్‌కు రోజువారీ స్నాప్‌షాట్లు (ఆ రోజు ఫైళ్ళు ఉన్న స్థితిని దాచే ప్రతులు) ఉంటాయి, మీ దగ్గర ఎలా ఉందో అడిగి తెలుసుకోండి. మీకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. వేరే చోటు చెప్పకపోతే స్లర్మ్ (జాబ్‌లను క్యూలో పెట్టి నడిపించే ప్రోగ్రాం) జాబ్ లాగ్‌ను, అంటే ఆ జాబ్ నడిచిన వివరాల ఫైలును, మీరు ఏ డైరెక్టరీ నుంచి జాబ్ సమర్పించారో అక్కడే రాస్తుంది. హోమ్ నుంచి సమర్పించి ఉంటే ఆ లాగ్‌లు ఇంకా ఉండాలి. ముందు అవి వెతకండి.

మరో మనవి. గడువు తప్పించుకోవడానికి వారానికోసారి ఫైళ్ళన్నిటి తేదీలు మార్చే స్క్రిప్టులు కొందరు పెట్టుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. స్క్రాచ్ నిండిపోతే నడుస్తున్న వాళ్ళందరి జాబ్‌లూ ఒకేసారి ఆగిపోతాయి.

ప్లాస్మా విభాగం
బ్యాకప్ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో బ్యాకప్ వ్యవస్థకు చెందిన స్క్రిప్టే దాదాపు 77 టెరాబైట్ల డేటాను, అంటే 3.4 కోట్ల ఫైళ్ళను చెరిపేసింది. పాత లాగ్‌లను మాత్రమే తీసేయవలసిన స్క్రిప్టు అది. అది నడుస్తుండగానే దాని మీద కొత్త రూపం (వెర్షన్) రాశారు. ఆజ్ఞలను అమలు చేసే షెల్ అనే ప్రోగ్రాం స్క్రిప్టును కొంచెం కొంచెంగా చదువుకుంటూ పోతుంది కాబట్టి మధ్యలో కొత్తది చదివింది, డైరెక్టరీ పేరు ఉండవలసిన చరరాశి ఖాళీగా ఉండిపోయింది, దాంతో పాత లాగ్‌ల బదులు అసలు ఫైళ్ళే పోయాయి. 14 పరిశోధక బృందాలు నష్టపోతే, నాలుగింటి డేటా బ్యాకప్ నుంచి కూడా రాలేదు. రెండో ప్రతి వేరే వ్యవస్థలో, వేరే వాళ్ళ చేతిలో ఉండాలని అప్పటినుంచి మా బృందంలో పట్టుబడుతున్నాను.

లాటిస్ లెక్కలు
ఎక్కడ దాచాలన్న ప్రశ్నకు ముందు, దేన్ని మళ్ళీ పుట్టించుకోగలమని అడగాలి. డిటెక్టర్ నమోదు చేసిన ఘటన మళ్ళీ జరగదు. అందుకే సెర్న్‌లో ఎల్‌హెచ్‌సీ (కణాలను ఢీకొట్టించే యంత్రం) ముడి డేటాను టేపు మీద భద్రపరచి, రెండో ప్రతిని వేరే దేశాల్లోని టైర్-1 కేంద్రాల్లో (సెర్న్‌తో కలిసి పనిచేసే పెద్ద కంప్యూటర్ కేంద్రాల్లో) ఉంచుతారు. సిమ్యులేషన్ అలా కాదు. ప్రోగ్రాం ఏ రూపం, ఇన్‌పుట్ ఏది, యాదృచ్ఛిక సంఖ్యల విత్తనం (ఆ సంఖ్యల వరుసను నిర్ణయించే మొదటి సంఖ్య) ఏది అన్న మూడూ ఉంటే ఫలితాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. ఈ మూడూ కలిపి కొన్ని కిలోబైట్లు. మా గేజ్ కాన్ఫిగరేషన్ల (లాటిస్ లెక్కలకు ఆధారంగా వాడే క్షేత్రాల నమూనాల) వంటివి మాత్రం మినహాయింపు. వాటిని తిరిగి తయారుచేయడానికి నెలల తరబడి కోర్లు కావాలి, కాబట్టి వాటినే దాస్తాం.

విత్తనం గురించి నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. గడియారం చూపే సెకన్లనే విత్తనంగా తీసుకునే పాత ప్రోగ్రాంతో 40 జాబ్‌లు ఒకేసారి పంపాను. క్యూ ఖాళీగా ఉంది, చాలా జాబ్‌లు ఒకే సెకనులో మొదలయ్యాయి. గణాంక దోషం ఆశ్చర్యపోయేంత తక్కువగా వచ్చింది. రెండు ఫలితాల ఫైళ్ళ చెక్‌సమ్‌లు (ఫైలులోని డేటా నుంచి లెక్కించే గుర్తు సంఖ్యలు) పక్కపక్కన పెట్టి చూస్తే చివరి అక్షరం దాకా ఒకటే! 40 అనుకున్న వాటిలో వేర్వేరు ఫలితాలు ఆరే. ఇప్పుడు విత్తనాన్ని జాబ్ సంఖ్య నుంచి తీసుకుని, లాగ్‌లో మొదటి వరుసలోనే రాయిస్తున్నాను.

టేపు గది
ఆర్కైవ్‌కు (దీర్ఘకాలం దాచే టేపు నిల్వకు) పంపేటప్పుడు చిన్న ఫైళ్ళను విడివిడిగా పంపకండి. టేపు నుంచి ఒక ఫైలు కావాలంటే రోబో ఆ కార్ట్రిడ్జ్‌ను అర నుంచి తీసి, డ్రైవులో పెట్టి, ఫైలున్న చోటు దాకా చుట్టాలి. పది వేల చిన్న ఫైళ్ళు పలు టేపుల మీద చెదిరి ఉంటే ఇదంతా మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. టార్ అనే ప్రోగ్రాంతో పెద్ద మూటలుగా కట్టండి. మూటలో ఏముందో తెలిపే పట్టికను హోమ్‌లో ఉంచుకోండి. పంపే ముందు చెక్‌సమ్ తీయండి, తిరిగి తెచ్చాక సరిచూడండి. పరిమాణం సరిపోయినా లోపల కొన్ని బిట్లు మారిన ఫైలును నేను కళ్ళారా చూశాను.

దూరపు సహకారి
మా బృందం వేరే సంస్థలో ఉంది, 10 టెరాబైట్లు తెచ్చుకోవాలి. ల్యాప్‌టాప్ నుంచి వీపీఎన్ మీద లాగుతుంటే రోజుకు రెండు సార్లు తెగిపోతోంది. అక్కడి మిత్రుడు తన పాస్‌వర్డ్ ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

క్లస్టర్ నిర్వాహకుడు
పాస్‌వర్డ్ తీసుకోవద్దు. 2020 మేలో ఐరోపాలో పలు సూపర్ కంప్యూటర్లను మూసివేయవలసి వచ్చింది. దొంగిలించిన ఖాతాలతో, ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులతో (దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే రహస్య ఫైళ్ళతో) దాడి చేసినవాళ్ళు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి పాకారు. మీకు అతిథి ఖాతా అడగండి.

ల్యాప్‌టాప్‌ను మధ్యలోంచి తీసేయండి. డేటా బదిలీకి ప్రత్యేక సర్వరు రెండు వైపులా ఉందేమో కనుక్కోండి, వాటి మధ్యే నేరుగా నడపండి. సెకనుకు ఒక గిగాబిట్ లైను పూర్తిగా మీకే దొరికినా 10 టెరాబైట్లకు 22 గంటలు పైనే పడుతుంది, కాబట్టి మధ్యలో తెగుతుందనే అనుకుని ఏర్పాటు చేసుకోవాలి. ఫైళ్ళను బదిలీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రాంను మళ్ళీ నడిపితే అప్పటికే చేరిన ఫైళ్ళను వదిలేస్తుంది. దాన్ని సర్వరు మీద టీమక్స్ (లాగౌట్ అయినా పనిని నడుస్తూ ఉంచే ప్రోగ్రాం) లోపల నడిపితే మీ కనెక్షన్ పోయినా పని ఆగదు.

కొత్త పరిశోధకురాలు
అందరికీ కృతజ్ఞతలు. లాగ్‌లు హోమ్‌లోనే ఉన్నాయి. ఒక్కోదాంట్లో విత్తనం సంఖ్య, ఇన్‌పుట్ ఫైలు పేరు ఉన్నాయి. ప్రోగ్రాం ఏ రూపమో గిట్ (ప్రోగ్రాంలో చేసిన మార్పులను నమోదు చేసే సాధనం) చరిత్రలో తేదీలు చూసి పట్టుకున్నాను. నిన్న రాత్రి ఒక జాబ్ మళ్ళీ నడిపితే, వ్యాసం ముసాయిదాలో ఉన్న పట్టికతో నాలుగో దశాంశం దగ్గర తేడా వచ్చింది. ఈ మధ్యలో కంపైలర్ (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే సాధనం) మాడ్యూల్ మారిందని లాగ్‌లోనే తెలిసింది. పాత మాడ్యూల్‌ను ఎక్కించుకుని తిరిగి కంపైల్ చేసి నడిపాను. ఈ ఉదయం పట్టికలోని 18 సంఖ్యలూ అచ్చుగుద్దినట్టు కలిశాయి. మిగిలిన 212 జాబ్‌లు క్యూలో ఉన్నాయి.