సిమ్యులేటర్ ల్యాబులో పిల్లోళ్లు ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోతున్నారు, దారేమిటి?

చిత్తూరు_ట్రైనర్: ఐటీఐ ఎలక్ట్రీషియన్ బ్యాచ్. 20 మందికి 10 కంప్యూటర్లు. స్టార్-డెల్టా స్టార్టర్ (మోటారును ముందు తక్కువ వోల్టేజీ ‘స్టార్’లో మొదలుపెట్టి, తర్వాత పూర్తి వోల్టేజీ ‘డెల్టా’కు మార్చేది) పాఠం: 18 నిమిషాల వీడియో, సిమ్యులేషన్, క్విజ్. వీడియో లాగేస్తారు, క్విజ్‌లో పక్కవాడిది చూసి పదికి పది. ప్యానెల్ ముందు నిలబెడితే ఏ తీగ యాడికో చెప్పలేరు. బహుమతులు పెట్టినా వారమే.

కాంటాక్టర్: వరుస తిరగేయండి సార్. ముందు చెడిన సర్క్యూట్, వీడియో తర్వాత. మొదట స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా ఉండి, బటన్ వదిలినా కరెంటు నిలిపే హోల్డింగ్ కాంటాక్ట్ తీసేయండి. నొక్కినంతసేపే మోటారు తిరిగి, వదలగానే ఆగుతుంది. బోరు మోటారు చూసి పెరిగినోళ్లు దీన్ని వెంటనే పట్టేస్తారు. తర్వాత స్టార్ నుంచి డెల్టాకు మార్చే టైమర్ కాయిల్ వైరు విప్పండి. మోటారు స్టార్‌లోనే ఉండిపోతుంది. ఖాళీగా తిరుగుతుంది కాబట్టి బాగుందనే అనుకుంటారు. లోడు పెట్టి చూపండి, లాగదు. ఎందుకని అడిగినప్పుడు వైండింగ్‌కు 415 బదులు సుమారు 240 వోల్టులే అందుతున్నాయని, టార్క్ మూడో వంతుకు పడిందని చెప్పే 2 నిమిషాల ముక్క మాత్రం వెయ్యండి.

ఆ రెండూ ఒకేసారి పడకుండా ఆపే ఇంటర్‌లాక్ తీసేసే ఫాల్ట్ మటుకు సిమ్యులేటర్‌లోనే. స్టార్, డెల్టా కాంటాక్టర్లు (కాయిల్‌తో పడే పెద్ద స్విచ్‌లు) ఒకేసారి పడితే ఫేజులు షార్టే.

తిరుపతి_ల్యాబ్: కాపీ ఆపడానికి మూడిల్‌ (ఆన్‌లైన్ పాఠాలు, క్విజ్‌ల సాఫ్ట్‌వేర్)లో ‘క్యాలిక్యులేటెడ్’ రకం ప్రశ్న వాడండి, ఒక్కొక్కరికి ఒక్కో అంకె వస్తుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే వైండింగ్ దారిలో ఉంటే సెట్టింగ్ లైన్ కరెంటుకు 0.58 వంతు. 20 ఆంపియర్లు వచ్చినవాడికి జవాబు 11.6, పక్కన 26 వచ్చినవాడికి 15.08. చూసి రాస్తే తప్పే. వీడియోలో ప్రశ్నలు పెట్టే హెచ్‌5పీ సాధనంలో వీడియో ముందుకు లాగకుండా ఆపొచ్చు గానీ, 18 నిమిషాలకు ఆ తాళం వేస్తే నిద్రపోతారు.

చిత్తూరు_ట్రైనర్: ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరు కదా, ఒకడే మౌస్ పట్టుకుంటాడు.

కాంటాక్టర్: రెండోవాడి చేతికి కాగితం, పెన్సిల్ ఇవ్వండి. కంట్రోల్ సర్క్యూట్ గీసి, తప్పెక్కడో వాడే చెప్పాలి, మౌస్ వాడు అది మాత్రమే చెయ్యాలి. ఫాల్ట్ మారగానే చేతులు మార్చండి. ర్యాంకుల పట్టిక గోడకెక్కించకండి, చివరి నలుగురూ రావడం మానేస్తారు.

తిరుపతి_ల్యాబ్: ఒకటి మరిచారు. ఎర్రర్ మెసేజీలు ఇంగ్లీషులో వస్తే చదవకుండానే మూసేస్తారు. తరచూ వచ్చే పదీ పన్నెండింటికి తెలుగు అర్థం రాసి మానిటర్ పక్కన అంటించండి.