సెమెన్ రిపోర్ట్ నార్మల్ అయినా ఇక్సీ చేయించుకోవాలా?

కాకినాడ_కాజా
పెళ్లయి ఆరేళ్లు. మా ఆవిడకి 33. హెచ్‌ఎస్‌జీ (ట్యూబులకి తీసే ఎక్స్‌రే) తీస్తే రెండు ట్యూబులూ బ్లాక్ అని వచ్చింది. ఐయూఐ (వీర్యాన్ని గర్భసంచిలోకి వదలడం) దండగ, నేరుగా ఐవీఎఫ్‌కి వెళ్లండన్నారు. ఇంతవరకు అర్థమైంది. నా రిపోర్ట్‌లో కౌంట్ మిల్లీలీటరుకి 48 మిలియన్లు, మోటిలిటీ (కదిలేవి) 52 శాతం, మార్ఫాలజీ (ఆకారం బాగున్నవి) 4 శాతం. "మీ వైపు ఏ సమస్యా లేదు" అని డాక్టరుగారే అన్నారు. తీరా ప్యాకేజీ కాగితం చూస్తే అందులో ఇక్సీ ఉంది, దానికి 30 వేలు అదనం. అడిగితే "మా దగ్గర అందరికీ ఇక్సీయే సార్" అంది కౌంటర్లో అమ్మాయి. దాని కింద పిక్సీ అని ఇంకో 20 వేలు. అది మన ఇష్టమేనట, కానీ చేయించుకుంటే మంచిదట.

మామూలు ఐవీఎఫ్‌లో ఎగ్స్‌నీ స్పెర్మ్‌నీ ఒకే డిష్‌లో వదిలేస్తారు, వాటి దారి అవి చూసుకుంటాయి. ఇక్సీలో ఒక్కో ఎగ్‌లోకి ఒక్కో స్పెర్మ్‌ని సూదితో పంపిస్తారు. నాకు అర్థమైంది ఇంతే. దారి చూసుకోగలిగిన వాటికి సూది ఎందుకు? నిజంగా ఉపయోగమా, బిల్లు పెంచడమా? ఆ 4 శాతం చూసినప్పుడల్లా మాత్రం టెన్షన్‌గా ఉంది.

పీ_వాల్యూ
ముందు ఆ 4 శాతం సంగతి తేల్చేద్దాం. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో తెచ్చిన ఆరో ఎడిషన్ మాన్యువల్‌లో మార్ఫాలజీకి కింది హద్దే 4 శాతం. కౌంట్‌కి 16 మిలియన్లు, మోటిలిటీకి 42 శాతం. ఏడాదిలోపు భార్యకి గర్భం వచ్చిన మగవాళ్ల రిపోర్టులు పోగేసి, వాళ్లలో అట్టడుగు 5 శాతం మంది ఎక్కడున్నారో చూసి గీసిన గీతలవి. అంటే ఆ గీత కింద ఉన్నవాళ్లు కూడా తండ్రులే. నిశ్చింతగా పడుకోండి.

ఇక అసలు ప్రశ్న. నేను డాక్టర్ని కాదు, క్లినికల్ ట్రయల్స్ లెక్కలు చూసే ఉద్యోగం. మీలాంటి జంటల మీదే వియత్నాంలో, హో చి మిన్ సిటీలో ట్రయల్ చేశారు. 2021లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మగవాళ్ల కౌంట్, మోటిలిటీ బాగున్న 1,064 జంటలని చీటీ వేసినట్టు రెండు గ్రూపులు చేశారు. ఇక్సీ గ్రూపులో 34.6 శాతం మందికి బిడ్డ పుట్టింది, మామూలు ఐవీఎఫ్‌లో 31.2 శాతం మందికి. గణాంకాల లెక్కలో ఇది తేడా కింద రాదు. కాబట్టి నా ఓటు: 30 వేలు మిగుల్చుకోండి.

ఓరుగల్లు_అన్న
బ్రదర్, 34.6 పెద్దదా 31.2 పెద్దదా? మూడు శాతం అంటే మీకు లెక్క, మాకు బిడ్డ.

నా కథ చెప్తా. రెండేళ్ల కింద మాకు మామూలు ఐవీఎఫే చేశారు. నా కౌంట్ 60 మిలియన్లు, గర్వంగా ఉండేది. 9 ఎగ్స్ వచ్చినయ్. మర్నాడు పొద్దున 10 గంటలకు ఫోన్: "ఒక్కటి కూడా ఫెర్టిలైజ్ కాలేదండీ." తొమ్మిదికి సున్నా. ఆ ఫోన్ నా భార్యకు ఎట్ల చెప్పాలో తెలవక గంటసేపు పార్కింగ్‌లో నిలబడ్డ. తర్వాతి సైకిల్ ఇక్సీ, 8లో 6 ఫెర్టిలైజ్ అయినయ్, ఇప్పుడు పాప ఉంది. 30 వేలు మిగిల్చి లక్షా ఎనభై పోగొట్టుకున్నోణ్ణి నేను. ట్రయల్ గియల్ నాకు చెప్పకండి.

పీ_వాల్యూ
అన్నా, మీ బాధని తక్కువ చేయడం లేదు. కానీ మీరు భయపడుతున్న విషయాన్నే ఆ ట్రయల్ లెక్కపెట్టింది. ఒక్కటీ ఫెర్టిలైజ్ కాని జంటలు ఐవీఎఫ్ గ్రూపులో 34, ఇక్సీ గ్రూపులో 29. రెండు పక్కలా దాదాపు 6 శాతమే. సూది వేసినా సున్నా వచ్చినవాళ్లున్నారు. వాళ్లకీ అలాంటి ఫోనే వచ్చి ఉంటుంది, కాకపోతే "ఇక్సీ వల్ల పోయింది" అని ఎవరూ అనుకోరు.

ఆ మూడు శాతం సంగతి అడిగారు కదా. 2024లో చైనా నుంచి ఇంకా పెద్ద ట్రయల్ వచ్చింది, 2,387 జంటలు, అదీ లాన్సెట్‌లోనే. ఈసారి మగవాళ్ల వైపు కొంచెం లోపం ఉన్నవాళ్లనే తీసుకున్నారు, మరీ తీవ్రమైన లోపం ఉన్నవాళ్లని పక్కన పెట్టారు. అక్కడ బిడ్డ పుట్టింది ఇక్సీలో 33.8 శాతం మందికి, ఐవీఎఫ్‌లో 36.6 శాతం మందికి. గాలి అటు తిరిగింది. వియత్నాం అంకె చూసి ఇక్సీ గొప్పదంటే, చైనా అంకె చూసి ఐవీఎఫ్ గొప్పదనాలి. రెండూ అనకూడదు, అంతే.

ల్యాబ్‌కోటు
నేను ఎంబ్రియాలజిస్ట్‌ని, అంటే ల్యాబ్‌లో ఎంబ్రియోల (పిండాల) పని చూసే మనిషిని, 11 ఏళ్లుగా ఆ సూది పట్టుకునే చెయ్యి నాదే. అందుకని నా మాటని కొంచెం తగ్గించుకుని చదవండి.

ఇక్సీ పుట్టింది బ్రస్సెల్స్‌లో. ఎగ్ పై పొరకీ లోపలి పొరకీ మధ్యన స్పెర్మ్ వదిలే పద్ధతి చేస్తుంటే ఒకటి పొరపాటున లోపలికే జారింది, అది ఫెర్టిలైజ్ అయింది. జాన్‌పియెరో పలెర్మో బృందం 1992లో దాన్ని ప్రచురించింది. అప్పటిదాకా కౌంట్ మరీ తక్కువున్నవాళ్లకి దాత వీర్యం తప్ప వేరే దారి దాదాపు లేదు. స్పెర్మ్ బయటికే రాని వాళ్లకి కూడా వృషణం నుంచి తీసి ఇక్సీ చేస్తున్నాం ఇప్పుడు. అక్కడ దానికి పోటీయే లేదు, ఎవరూ వాదించరు.

గొడవంతా కాజాగారి లాంటి వాళ్ల దగ్గరే. ల్యాబ్ వైపు నుంచి ఇక్సీ ఎందుకు ముద్దో దాచకుండా చెప్తాను. ఇక్సీకి ముందు ఎగ్ చుట్టూ ఉన్న కణాలని ఒలిచేస్తాం, దాంతో ఏది పక్వానికి వచ్చిందో ఏది రాలేదో అప్పుడే తెలిసిపోతుంది. డిష్‌లో వదిలితే మర్నాడు దాకా అది గుడ్డి లెక్కే. తలసీమియా లాంటి జన్యు పరీక్ష ఎంబ్రియోకి చేయాలంటే ఇక్సీయే మేలు, పై పొరకి అంటుకున్న వేరే స్పెర్మ్ వల్ల పరీక్ష తప్పే ప్రమాదం తగ్గుతుంది. ఫ్రీజ్ చేసిన ఎగ్స్‌కీ ఇక్సీయే. నాలుగో కారణం ఎవరూ పైకి చెప్పరు: మర్నాడు సున్నా వస్తే తిట్లు పడేది మాకు. ఓరుగల్లు అన్నగారు ఆ క్లినిక్‌ని ఇప్పటికీ తిట్టుకుంటున్నారు, అవునా కాదా?

ఓరుగల్లు_అన్న
అవును. పేరు మాత్రం ఇక్కడ రాయ.

పీ_వాల్యూ
ల్యాబ్‌కోటుగారు నిజం ఒప్పుకున్నారు, సంతోషం. అంటే తిట్లు తప్పించుకునే ఖర్చు పేషెంట్ కట్టాలి.

ల్యాబ్‌కోటు
అంత తేలిగ్గా తీసేయకండి. మన దగ్గర చాలామందికి ఇన్సూరెన్స్ రాదు. ఇంగ్లండ్‌లో ఒక సైకిల్ పోతే కొందరికి ప్రభుత్వం ఇంకోటి చేయిస్తుంది. ఇక్కడ పొలం అమ్మో, గోల్డ్ లోన్ తీసుకునో వస్తారు, రెండోసారి రారు. 100 మందిలో ఆరుగురికే సున్నా వస్తుందని మీకు కాగితం మీద కనిపిస్తుంది. ఆ ఆరుగురు నా ఎదురుగా కూర్చుంటారు.

పీ_వాల్యూ
కూర్చుంటారు. కానీ ఇక్సీ చేసినా ఆరుగురు కూర్చుంటారనే కదా ఇందాక చెప్పింది! ఈ ఒక్క చోట మీ అనుభవానికీ ట్రయల్‌కీ పొసగడం లేదు, నేను ట్రయల్ వైపే ఉంటాను. 2001లో బ్రిటన్‌లో 415 జంటల మీద చేసినప్పుడు కూడా మగవాళ్ల లోపం లేనివాళ్లలో ఎంబ్రియో గర్భసంచికి అంటుకున్న రేటు ఐవీఎఫ్‌లో 30 శాతం, ఇక్సీలో 22 శాతం. ఇరవై ఏళ్ల తేడాతో అదే జవాబు వస్తోంది. అయినా ప్యాకేజీ మారదు.

ఒక్క మినహాయింపు ఇస్తాను. అన్న లాగా ఒకసారి సున్నా వచ్చినవాళ్లకి రెండోసారి ఏం చేయాలనేది ఈ ట్రయల్స్ అడిగిన ప్రశ్న కాదు. అలాంటప్పుడు ఇక్సీకి వెళ్లడం సబబే. అన్న చేసింది కరెక్ట్.

లీడ్స్_లక్ష్మి
కాజాగారూ, పిక్సీ గురించి నేను చెప్తాను, ఎందుకంటే దాని మీద పెద్ద ట్రయల్ నడిపింది మా ఊరి యూనివర్సిటీ వాళ్లే. పేరు హ్యాబ్‌సెలెక్ట్, 2019లో లాన్సెట్‌లో వచ్చింది. బ్రిటన్‌లో 16 సెంటర్లు, 2,772 జంటలు. పిక్సీ అంటే డిష్‌లో హయలురోనన్ అనే పదార్థం పూస్తారు. పక్వానికి వచ్చిన స్పెర్మ్ దానికి అతుక్కుంటుందని, అలా అతుక్కున్నదాన్నే ఎంచి ఇక్సీ చేస్తే ఫలితం మెరుగవుతుందని ఆశ.

నెలలు నిండి బిడ్డ పుట్టింది పిక్సీలో 27.4 శాతం మందికి, మామూలు ఇక్సీలో 25.2 శాతం మందికి. తేడా నిలబడలేదు. కానీ గర్భస్రావాలు 7 శాతం నుంచి 4.3 శాతానికి తగ్గాయి. నాకు రెండు గర్భాలు పోయాయి, అందుకే ఆ అంకె దగ్గర ఆగిపోయాను. పీ_వాల్యూగారు "ట్రయల్ వైపు" అంటున్నారుగా, దీన్నేమంటారు?

పీ_వాల్యూ
అక్కా, ఇబ్బందిలో పెట్టారు. నిజాయితీగా చెప్తాను. ఆ ట్రయల్ ప్రధానంగా అడిగిన ప్రశ్న బిడ్డ పుట్టడం గురించి. దానికి జవాబు "తేడా లేదు". గర్భస్రావం రెండో వరస ప్రశ్న. రెండో వరసలో పది ప్రశ్నలు అడిగితే ఒకటి ఊరికే మెరుస్తుంది. ఇంకో సంగతి, గర్భస్రావాలు నిజంగా తగ్గితే ఆ మేరకు పుట్టే బిడ్డలు స్పష్టంగా పెరగాలి కదా? పెరిగినట్టు తేలలేదు.

కానీ మీలాగా రెండుసార్లు పోగొట్టుకున్నవాళ్లు డాక్టరుతో ఈ మాట ఎత్తితే తప్పని అనను. కాజాగారు చెప్పినదాంట్లో గర్భం పోయిన సంగతి లేదు, ట్యూబులే సమస్య. ఆయనకి పిక్సీ అమ్మడం మాత్రం తప్పే.

లీడ్స్_లక్ష్మి
"అమ్మడం" అన్నది సరైన మాట. ఇక్కడ హెచ్‌ఎఫ్‌ఈఏ అనే ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఇలాంటి అదనపు చికిత్సలకి రంగులు వేసి వెబ్‌సైట్లో పెడుతుంది. దేనికి ఆధారం ఉందో, దేనికి లేదో పేషెంటే చూసుకోవచ్చు. గర్భసంచి లోపలి పొరని గీకే పద్ధతి కొన్నేళ్లు ఎంత ఊపు మీద ఉందో గుర్తుందా? 2019లో 1,364 మంది మీద చూస్తే గీకినా గీకకపోయినా బిడ్డ పుట్టింది 26.1 శాతం మందికే. ఆ గీకుడు నొప్పి నాకింకా గుర్తు.

ఓరుగల్లు_అన్న
మగవాళ్లకు ఇచ్చే జింక్, ఫోలిక్ యాసిడ్ గోలీలో? ఏడాది మింగిన.

పీ_వాల్యూ
అమెరికాలో 2,370 జంటల మీద చూశారు, 2020లో జామాలో వచ్చింది. బిడ్డ పుట్టింది గోలీ వేసుకున్నవాళ్లలో 34 శాతం మందికి, మందు లేని ఉత్త గోలీ వేసుకున్నవాళ్లలో 35 శాతం మందికి.

కాకినాడ_కాజా
నేను కూడా మింగుతున్నాను. ఆపేస్తా.

ఇంకొకటి. ఇక్సీతో పుట్టిన మగపిల్లలకి రేపు వీర్యం సమస్య వస్తుందని ఎక్కడో చదివాను. ఆలు ఉంది, చూలు లేదు, అప్పుడే కొడుకు సెమెన్ రిపోర్ట్ గురించి దిగులు. నవ్వకండి.

ల్యాబ్‌కోటు
బ్రస్సెల్స్ వాళ్లే చూశారు. 2016లో వచ్చింది, ఇక్సీతో పుట్టిన 54 మంది కుర్రాళ్ల కౌంట్ మామూలుగా పుట్టినవాళ్ల కౌంట్‌లో సగం దాకానే ఉంది. కానీ వాళ్ల నాన్నలకి ఇక్సీ చేసిందే వీర్యం లోపం వల్ల. వై క్రోమోజోమ్‌లో ముక్క లేకపోతే అది కొడుక్కీ వస్తుంది. కాబట్టి ఆ నేరం సూదిదని చెప్పలేం, వంశానిదే కావచ్చు. మీ రిపోర్ట్ బాగుంది కాబట్టి ఆ దిగులు మీకు అనవసరం.

కాజా_వాళ్ళావిడ
నమస్తే అండీ. మా ఆయన ఫోన్లో ఈ చర్చ చూసి అకౌంట్ తెరిచాను. ఆయనకి పరీక్ష ఒక్కసారి, ఐదు నిమిషాలు. నాకు రేపటి నుంచి రోజూ పొట్టలో ఇంజెక్షన్, పది పన్నెండు రోజులు, తర్వాత మత్తిచ్చి ఎగ్ పికప్. పీ_వాల్యూగారూ, మీ లెక్క నాకు అర్థమైంది, ఒప్పుకుంటున్నాను కూడా. అయినా ఆ ఆరుగురిలో నేనుంటే ఈ ఇంజెక్షన్లన్నీ మళ్లీ మొదటి నుంచి పొడుచుకోవాల్సింది నేను. ల్యాబ్‌కోటుగారూ, సగం ఎగ్స్ డిష్‌లో, సగం సూదితో చేయరా?

ల్యాబ్‌కోటు
చేస్తారమ్మా. ఎగ్స్ బాగానే వస్తే చేయొచ్చు. నాలుగైదే వస్తే విడదీయడంలో అర్థం లేదు. ఒలవకముందే సగాన్ని పక్కన పెట్టాలి, అందుకని పికప్‌కి ముందు రోజే ఎంబ్రియాలజిస్ట్‌తో మాట్లాడండి, కౌంటర్‌తో కాదు. 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి చికిత్సల చట్టం) ప్రకారం చికిత్స పర్యవసానాలు, తమ క్లినిక్‌లో సక్సెస్ అవకాశాలు కౌన్సెలింగ్‌లో చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే. "ఫెర్టిలైజేషన్ 80 శాతం" అంటే ఆగిపోకండి, బిడ్డ పుట్టింది ఎందరికో అడగండి.

పీ_వాల్యూ
అమ్మా, ఇది మంచి ఆలోచన. నేను 30 వేల గురించి మాట్లాడుతూ ఇంజెక్షన్ల సంగతి లెక్కలోకే తీసుకోలేదు.

కాకినాడ_కాజా
మూడు వారాల తర్వాత అప్‌డేట్. 11 ఎగ్స్ వచ్చాయి. ఆరు డిష్‌లో, ఐదు ఇక్సీకి. ఆ ఐదులో ఒకటి పక్వానికి రాలేదని వదిలేశారు. డిష్‌లో 4 ఫెర్టిలైజ్ అయ్యాయి, సూదితో 3. పిక్సీ వద్దన్నాం. ఇక్సీకి 30 వేలూ కట్టించుకున్నారు, సగమే చేసినా.

పీ_వాల్యూ
శుభాకాంక్షలు. ఈ అంకెల నుంచి ఎవరూ ఏమీ తేల్చకండి.

ఓరుగల్లు_అన్న
నాలుగు పెద్దదా మూడు పెద్దదా బ్రదర్?

కాజా_వాళ్ళావిడ
ఐదో రోజుకి మూడు బ్లాస్టోసిస్ట్‌లు (ఐదు రోజులు ఎదిగిన ఎంబ్రియోలు) ఉన్నాయని ఇప్పుడే ఫోన్ వచ్చింది. ఏవి డిష్‌వో ఏవి సూదివో నేను అడగలేదు, ఆయన్నీ అడగొద్దన్నాను. ట్రాన్స్‌ఫర్ వచ్చే నెల.