ఎక్స్-ఫైల్స్: ఆ రాత్రి ఏం జరిగినట్టు? (ఏడో సీజన్ చూడనివాళ్లు ఇక్కడే ఆగండి)

బాలాజీకాలనీ_బాబు:
అమెరికా టీవీ సీరియల్ ఎక్స్-ఫైల్స్ ఏడో సీజన్ మళ్లీ చూస్తూ, 2000 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఆల్ థింగ్స్’ దగ్గర ఇరుక్కుపోయాను. మర్చిపోయినవాళ్ల కోసం: మల్డర్, స్కల్లీ ఇద్దరూ ఎఫ్‌బీఐ ఏజెంట్లు, 1993లో మొదటి ఎపిసోడ్ నుంచీ జంటగా కేసులు చూస్తున్నారు. ఈ ఎపిసోడ్ మొదట్లోనే స్కల్లీ అద్దం ముందు బట్టలు సర్దుకుని వెళ్లిపోతుంది. వెనక మంచం మీద మల్డర్ నిద్రపోతుంటాడు. చివర్లో, అంటే అంతకు ముందు రాత్రి, మల్డర్ ఇంట్లో సోఫాలో కబుర్లు చెబుతూనే ఆమె నిద్రలోకి జారుకుంటుంది, అతను దుప్పటి కప్పుతాడు. మధ్యలో జరిగింది చూపించలేదు. ఇంకా చెప్పాలా?

చంద్రగిరి_అక్క:
చెప్పాలి తమ్ముడూ. ఆమె పడుకుంది సోఫాలో. అతను పడుకుంది మంచం మీద. ఇంట్లో ఉన్న ఒక్క సోఫా ఆమెకిచ్చి తను లోపలికి వెళ్లాడు. పొద్దున్నే ఆమె లేచి మొహం కడుక్కుని ఇంటికి పోయింది. ఇందులో అర్థం కానిదేముంది?

పాకాల_ప్యాసింజర్:
ఆ ఎపిసోడ్‌లో బౌద్ధ గుడి సీను దాకా చూసి నిద్రపోయాను. నా మీద ఎవరూ దుప్పటి కప్పలేదు.

బాలాజీకాలనీ_బాబు:
అక్కా, సోఫా గురించి మీరే తెచ్చారు కాబట్టి చెప్తా. మల్డర్ ఏళ్ల తరబడి సోఫాలోనే పడుకునేవాడు. ఆరో సీజన్‌లో వేరే మనిషి అతని ఒంట్లోకి దూరి, చెత్త నిండిన బెడ్‌రూం ఖాళీ చేసి వాటర్‌బెడ్ కొనేదాకా ఆ ఇంట్లో మంచమే చూడలేదు మనం. అలాంటోణ్ణి పనిగట్టుకుని మంచం మీద చూపించారంటే ఊరికే కాదు. పైగా రాసిందీ తీసిందీ స్కల్లీగా నటించిన గిలియన్ ఆండర్సనే. తన పాత్ర ఎక్కడ పడుకుందో ఆమెకు తెలీదా?

చంద్రగిరి_అక్క:
తెలిస్తే చూపించేది. సోఫాలో మనిషి పడుకుని ఉంటే వాడు ఇంకెక్కడ పడుకుంటాడు, మెట్ల మీదా?

కాణిపాకం_90:
1998లో వచ్చిన ఎక్స్-ఫైల్స్ సినిమాలో ఆ తేనెటీగ కుట్టకపోయుంటే అప్పుడే తేలిపోయేది. మొహం మొహం దగ్గరికి వచ్చిందా, అప్పుడే కుట్టింది. ఆ ఈగను నేను జన్మలో క్షమించను.

బాలాజీకాలనీ_బాబు:
ఈగ వద్దు, ‘మిలీనియం’ ఎపిసోడ్ తీసుకోండి. 1999 నవంబర్‌లో వచ్చింది. ఆసుపత్రిలో టీవీలో కొత్త సంవత్సరం వేడుకలు, కట్టు కట్టిన చేత్తో మల్డర్, అక్కడే ముద్దు. అది కూడా ‘మొహం కడుక్కోవడమే’ అంటారా?

చంద్రగిరి_అక్క:
ముద్దు తర్వాత వాళ్లు మాట్లాడుకుంది ప్రపంచం అంతం కాలేదన్న సంగతి. ప్రేమ సంగతి కాదు. ఈ సీరియల్ సృష్టికర్త క్రిస్ కార్టర్ మొదట్నుంచీ వీళ్ల మధ్య ప్రేమకథ వద్దన్నాడు. ఆడా మగా ఏడేళ్లు పక్కపక్కన పనిచేస్తే చాలు, మీ అందరికీ మంచమే కనిపిస్తుంది.

బాలాజీకాలనీ_బాబు:
మీకు ఎవరు దగ్గరగా ఉన్నా కడుపుమంట లాగుందే అక్కా. రెండు గంటల నుంచి ఒక సోఫా పట్టుకుని వేలాడుతున్నారు.

చంద్రగిరి_అక్క:
కడుపుమంటే. విను. మా ఆఫీసు అలిపిరి దగ్గర. రాత్రి బస్సు దొరక్కపోతే కొలీగ్ బండి మీద చంద్రగిరిలో దింపేవాడు. ఎవరో చూశారు. వాళ్లు చూసింది బండి మీద ఇద్దరిని. ఊళ్లో చెప్పింది పూర్తి సినిమా. పీలేరు సంబంధం వాళ్లు తాంబూలాలకు ముందే తప్పుకున్నారు. ఆ అబ్బాయికి అప్పటికే నిశ్చితార్థమైంది, వాడింట్లోనూ రచ్చే. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. మధ్యలో ఏముందో వాళ్లే పూరించుకున్నారు, ఇప్పుడు నువ్వు పూరిస్తున్నట్టే.

కాణిపాకం_90:
అక్కా...

బాలాజీకాలనీ_బాబు:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ వాళ్లు మిమ్మల్ని రచ్చకీడ్చారు. మేం లేని మనుషుల్ని చూసి మురిసిపోతున్నాం. మా నాయన మా అమ్మతో ప్రేమ మాట ఒక్కటి అనగా నేను వినలేదు. ఆమె గుడి నుంచి వచ్చేసరికి కాఫీ చల్లారకుండా గ్లాసు మీద మూత పెట్టేవాడు. చూపించకపోతే లేదనుకోమంటే, మా ఇంట్లో ఏమీ లేనట్టే కదా.

చంద్రగిరి_అక్క:
మీ నాయనా అమ్మా పెళ్లయినవాళ్లు, ఆ మూత ఎవరికీ సాక్ష్యం కాదు. ఇక మురిసిపోవడం అంటావా, మా వీధిలోనూ మొదట మురిసిపోయారు. ‘జోడీ బాగుంది’ అన్నావిడే మా అమ్మకు ఫోన్ చేసింది.

పాకాల_ప్యాసింజర్:
బాబూ, దీనికి నీ దగ్గర జవాబు లేదు. ఎపిసోడ్ మార్చు.

బాలాజీకాలనీ_బాబు:
సరే, సోఫా, దుప్పటి రెండూ వదిలేస్తున్నా. అదే సీజన్ చివరి ఎపిసోడ్‌లో స్కల్లీ గర్భవతి అని తేలుతుంది. ఇప్పుడు చెప్పండి.

చంద్రగిరి_అక్క:
గ్రహాంతరవాసులు మనుషుల్ని ఎత్తుకుపోయే సీరియల్ బాబూ అది. గర్భానికి మల్డరే దొరికాడా నీకు?