షేమ్ (2011): బ్రాండన్‌ది జబ్బా, మగ బలుపా?

రీలుపెట్టె:
స్టీవ్ మెక్‌క్వీన్ తీసిన షేమ్ నిన్న చూశాను. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. న్యూయార్క్‌లో మంచి ఉద్యోగం, అద్దాల ఫ్లాటు ఉన్న బ్రాండన్‌కి (మైకేల్ ఫాస్‌బెండర్) సెక్స్ తప్ప ఇంకో ధ్యాస ఉండదు. పోర్న్, డబ్బిచ్చి పిలిపించుకోవడం, బార్లో పరిచయమైనవాళ్లు, ఆఫీసు బాత్రూమ్, ఇలా ఆగకుండా నడుస్తుంటుంది. చెల్లెలు సిసీ (కేరీ మల్లిగన్) వచ్చి ఇంట్లో దిగాక ఆ దాపరికం కూలిపోతుంది. ఇతని మీద జాలి పడాలా? నాకైతే కలగలేదు. అందం, డబ్బు ఉన్న మగాడు ఒళ్లు కొవ్వెక్కి తిరిగితే దానికి జబ్బని పేరు పెట్టారనిపించింది.

అర్ధరాత్రిరైలు:
మొదటి పది నిమిషాల్లోనే హీరో ఒంటి మీద నూలుపోగు లేకుండా ఇల్లంతా తిరుగుతాడు. అది అవసరమా? అమెరికాలో ఎన్‌సీ-17 (పద్దెనిమిది నిండనివాళ్లని అసలు రానివ్వని రేటింగ్) ఇచ్చారంటే ఇవ్వరా మరి.

తెరవెనుక:
అవసరమే. ఆ సీన్లో అతను అటూ ఇటూ నడుస్తుంటే ఆన్సరింగ్ మెషిన్లో సిసీ గొంతు వినిపిస్తుంటుంది, ఫోనెత్తమని అడుగుతుంటుంది, అతను ఎత్తడు. ఒళ్లంతా కనిపిస్తోంది, మనిషి మాత్రం దొరకడు. 2008లో ఇదే దర్శకుడు, ఇదే నటుడు కలిసి హంగర్ చేశారు, అందులో జైల్లో నిరాహార దీక్ష చేసే బాబీ శాండ్స్‌కి మిగిలిన ఒకే ఆయుధం తన శరీరం. ఇక్కడ బయట ఎంత స్వేచ్ఛ ఉన్నా శరీరమే మనిషిని బంధించి పెట్టింది. 2012 గోల్డెన్ గ్లోబ్స్ వేదిక మీద జార్జ్ క్లూనీ ఫాస్‌బెండర్ అంగం గురించి జోకేస్తే హాలంతా నవ్వింది. అంత నొప్పి ఉన్న పాత్ర చేస్తే జనానికి గుర్తున్నది కొలతా? రీలుపెట్టె గారు, మీరు బలుపు అంటున్నదీ ఆ వరసలోదే.

కొలమానం:
ఒక సవరణ. దీన్ని చాలామంది "సెక్స్ వ్యసనం" అంటారు, అలా అనకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్‌ని చేర్చింది, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పెట్టింది వ్యసనాల జాబితాలో కాదు, కోరికని అదుపు చేసుకోలేని రుగ్మతల జాబితాలో. అమెరికా సైకియాట్రీవాళ్ల మానసిక రుగ్మతల పుస్తకం డీఎస్ఎమ్-5 (2013) అయితే హైపర్‌సెక్సువల్ డిజార్డర్ అనే ప్రతిపాదనని అసలు తీసుకోలేదు.

నీలికలువ:
పేరు ఏదైతేనేం. పడక సీన్లలో కనిపించిన ఆడవాళ్లలో ఎంతమందికి పేరుంది, చెప్పండి తెరవెనుక గారు. చివర్లో ఇద్దరు ఆడవాళ్లతో ఉన్న సీన్లో కూడా కెమెరా అతని మొహం మీదికే వెళ్తుంది. బాధంతా అతనిది, వాళ్లు ఆ బాధకి సామాను.

తెరవెనుక:
మరియాన్ ఉంది కదండీ, ఆఫీసులో కొలీగ్. డిన్నర్‌కి తీసుకెళ్తాడు, మాట్లాడతాడు, ఇష్టపడతాడు. తర్వాత హోటల్ గదిలో ఆమెతో అతని శరీరం సహకరించదు. ఆమె వెళ్లిపోయాక వేరే ఆమెతో, అదే గదిలో, ఏ ఇబ్బందీ లేదు. మీరన్న పేరు లేకపోవడం సినిమా చేసిన పొరపాటు కాదు, సినిమా చెప్తున్నదే అది. పేరున్న మనిషి ఎదురుగా ఉంటే అతనికి చేతకాదు.

అర్ధరాత్రిరైలు:
గే క్లబ్ సీన్ సంగతేంటి? అక్కడికి వెళ్లడమే పతనానికి అడుగు అన్నట్టు చూపించారు. అది తప్పు.

తెరవెనుక:
ఆ విమర్శ ఒప్పుకుంటాను. ఆ ఎర్ర లైట్ల చిత్రీకరణ చవకబారుది.

నీలికలువ:
ఒప్పుకోవాల్సింది అదొక్కటే దొరికిందన్నమాట. నాది సూటిగా చెప్తాను. నా మాజీ భర్త ఇలాగే. నేను రుజువులు ముందు పెట్టాక ఏడ్చి, "ఇది జబ్బు, నా చేతుల్లో లేదు" అన్నాడు. మమ్మల్ని చూసిన కౌన్సెలర్ కూడా నన్నే కూర్చోబెట్టి ఓపిక పట్టమన్నారు, నేను అనుమానిస్తే ఆయనకి టెన్షన్ పెరిగి మళ్లీ అటే వెళ్తాడన్నారు. అంటే ఆయన చేసేదానికీ నేనే బాధ్యురాలిని. భయంతో రక్త పరీక్షలకి తిరిగింది నేను, ఒక్కదాన్నే. ఆయన ఆఫీసులో మాత్రం ఒక్క రోజు కూడా అదుపు తప్పలేదు. ఇంట్లో మాత్రమే చేతుల్లో లేని జబ్బు ఉంటుందా?

రీలుపెట్టె:
ఇదే నేనన్నది. బలుపు.

కొలమానం:
నిర్ధారణకి ఆరు నెలలో అంతకంటే ఎక్కువో అదుపు తప్పిన ప్రవర్తన కొనసాగాలి, జీవితం దెబ్బతినాలి. నైతికంగా తప్పు చేస్తున్నాననే బాధ ఒక్కటే ఉంటే అది చాలదని ఐసీడీలోనే రాసి ఉంది. మీ వారి విషయంలో...

నీలికలువ:
నా విషయంలో మీరు నిర్ధారణ చెయ్యకండి. "మీ వారు" అని కూడా అనకండి.

తెరవెనుక:
నీలికలువ గారు, మీకు జరిగింది అన్యాయం. కానీ మీ ఇంటి మనిషిని తీసుకొచ్చి ప్రతి సినిమా మీదా ప్రతి మగాడి మీదా పెడితే ఇక మాట్లాడేదేముంది. ఆఫీసులో అదుపు తప్పలేదు కాబట్టి జబ్బు కాదంటున్నారు. బ్రాండన్ ఆఫీసు కంప్యూటర్ నిండా పోర్న్ దొరుకుతుంది, బాస్ డేవిడ్ ఎవర్ని అనుమానిస్తాడు? ఇంటర్న్‌ని. ఎదురుగా కూర్చున్న మగాడు సూటేసుకుని బాగున్నాడు కాబట్టి అతనికి సమస్య ఉంటుందని ఎవరికీ తట్టదు. ఆ డేవిడ్ పెళ్లైనవాడు, బార్లో ఆడవాళ్ల వెంటపడతాడు, సిసీని కూడా వదల్లేదు, అతన్ని మాత్రం అందరూ సరదా మనిషి అంటారు. నాకు ఇది సినిమా కాదు. నేను ముప్పైల్లో ఇందులో మునిగిపోయి ఉద్యోగం పోగొట్టుకునే దాకా వెళ్లాను. ఎలాగో ధైర్యం తెచ్చుకుని చిన్నప్పటి స్నేహితుడికి చెప్తే వీపు మీద చరిచి "అదృష్టవంతుడివిరా, మగాడంటే నువ్వే" అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఆడవాళ్లకి చెప్తే చీదరించుకుంటారు, మగాళ్లకి చెప్తే మెచ్చుకుంటారు. సాయం అడగడానికి ఎక్కడికి వెళ్లాలి? షేమ్‌లో బ్రాండన్ మొహం చూసినప్పుడే నాకు పట్టినది సుఖం కాదని బయటి మనిషి ఒకడు గుర్తించాడనిపించింది. దాన్ని బలుపంటే నాకు మండుతుంది.

అర్ధరాత్రిరైలు:
సారీ అన్నా. తెలియదు.

రీలుపెట్టె:
మీ బాధ వేరు, మిమ్మల్ని అనలేదు. కానీ బ్రాండన్‌కి ఫ్లాటుంది, డబ్బుంది, డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చుగా. సినిమా మొత్తంలో ఒక్కసారీ వెళ్లడు.

నీలికలువ:
తెరవెనుక గారు, మీరు చెప్పింది నమ్ముతున్నాను. ఆ స్నేహితుడు చేసింది దుర్మార్గం. మీ జబ్బు నిజం కాదని నేననడం లేదు, ఆయనది కూడా నిజమే అయి ఉండొచ్చు. నా గొడవ అది కాదు. జబ్బని ఖాయమైన రోజు నుంచి ఆ ఇంట్లో నాకు కోపం తెచ్చుకునే హక్కు పోయింది. రోగి మీద ఎవరు కోప్పడతారు? సిసీ చేతులు కోసుకుని ఆస్పత్రిలో పడితే కానీ బ్రాండన్ కూలబడి ఏడవడు, జనం అతని ఏడుపు గురించి రాస్తారు. ఆ పిల్ల తర్వాత ఎలా బతికిందో ఎవరైనా రాశారా? మీరు మునిగి ఉన్న ఆ రోజుల్లో మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

తెరవెనుక:
ఉంది.

తెరవెనుక:
నా నుంచి తనకి జరిగినదానికి నేనే బాధ్యుణ్ని, జబ్బుని అడ్డం పెట్టుకోను. తను నన్ను క్షమించలేదు, అడిగే హక్కు నాకు లేదు. కానీ ఒక మాట మీద నిలబడతాను. ఇలాంటి మగాడిని రాక్షసుడిగానో హీరోగానో తప్ప ఇంకోలా చూపించిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది వద్దంటే ఇక మిగిలేది ఆ వీపు చరిచేవాళ్లే.

నీలికలువ:
వద్దనడం లేదు. సిసీ వైపు నుంచి ఇంకో సినిమా తీసే దాకా దీన్ని గొప్పదని నన్ను ఒప్పించకండి అంటున్నాను.

కొలమానం:
ఇంతకీ థ్రెడ్ టైటిల్‌లో "జబ్బా, బలుపా" అన్నది మార్చొచ్చు కదా రీలుపెట్టె గారు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

రీలుపెట్టె:
మార్చను. నేనడిగింది అదే.