బహిరంగ ఉపన్యాసాలు సాయంత్రం పెట్టాలా, పగలే ఉండాలా?

కోనేటిగట్టు
తిరుపతిని చదువుల ఊరని చెప్పుకుంటాం. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. సంస్కృత విద్యాపీఠం 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. ఇన్ని ఉండీ ఊళ్ళో మామూలు మనిషికి ఒక మంచి ఉపన్యాసం వినే భాగ్యం లేదు. ఉపన్యాసాలు జరక్క కాదు, పనిదినాల్లో పగలు పదకొండింటికి జరుగుతున్నాయి. మర్నాడు పేపర్లో ఫోటో చూసి "అయ్యో, ఈయన వచ్చి పోయాడా" అనుకోవడమే మిగులుతోంది.

నేను బ్యాంకులో చేసి రిటైరైన వాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సెలవు పెడితే తప్ప పోలేని పరిస్థితి. ఇప్పుడు తీరిక ఉంది, పోతే గేటు దగ్గర "ఎవరి తాలూకు?" అని అడుగుతున్నారు. లోపల చూస్తే సగం హాలు హాజరు కోసం కూర్చోబెట్టిన పిల్లలే. లండన్‌లో గ్రెషమ్ కాలేజీ 1597 నుంచి ఉంది. డిగ్రీలు ఇవ్వదు, విద్యార్థులను చేర్చుకోదు, ఊరి జనానికి ఉచితంగా ఉపన్యాసాలు పెడుతుంది. మనం అంత చెయ్యక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి పెట్టండి, ముందుగా ఊరికి తెలియజేయండి. అన్నమాచార్య కళామందిరంలో సాయంత్రం ప్రవచనాలకు జనం రావడం లేదా? దీనికి మాత్రం ఎందుకు రారు?

మామిడితోట
మద్దతు ఇస్తున్నాను సార్. ఆరు అంటే ఆరింటికే మొదలుపెట్టాలి మరి.

పాకాల ప్యాసింజర్
నాకు అభ్యంతరం ఉండాది సార్. నేను ఎం.ఏ. చదవతా ఉండా, రోజూ పాకాల పక్కనుంచి వచ్చి పోతా. ఆరింటికి మొదలుపెడితే ఎనిమిదికి గానీ వదలరు. ఆ తర్వాత బస్టాండుకు పోయి, బస్సు దొరికి, రోడ్డు కాడ దిగి, ఆడ్నుంచి మా పల్లెకు నడిచి పోయేసరికి ఇంట్లో అందరూ పండుకోనుంటారు. తెల్లారగట్ల లేచి మా నాయనతో పాటు పాలు పితికి కేంద్రంలో పోసి రావల్ల. మాలాంటోళ్ళు క్లాసుకు సగం మంది ఉండారు. మీరు ఊళ్ళో ఉండేవాళ్ళు కాబట్టి మీకు సాయంత్రం సుళువు.

ఇంక హాజరు మాట. 75 శాతం లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతాది. ఆ భయానికే హాల్లో కూర్చుంటాం. సంతకాల షీటు ముందు వరస నుంచి బయల్దేరి మా వెనక వరసకు వచ్చేసరికి గళ్ళు అయిపోయుంటాయి, తిప్పి వెనకపక్క రాయమంటారు. రాని వాడి పేరు ఎవడో రాసేసి ఉంటాడు, దాని మీద కొట్లాట. వక్త ఏం చెప్తా ఉండాడో వినేవాడు లేడు. షీటు యాడుందో మాత్రం అందరికీ తెలుసు. ముందు ఆ షీటు తీసేయండి. వేళ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నేలమట్టం
ఇలాంటివి నిర్వహించే వైపున ఉన్నాను కాబట్టి లోపలి లెక్క చెబుతాను. నేను ఎక్కడ పాఠాలు చెబుతానో ఇక్కడ అనవసరం. చాలా ఉపన్యాసాలు ధర్మనిధి ఉపన్యాసాలు. ఒక పెద్దాయన పేరు మీద కుటుంబం వాళ్ళో శిష్యులో కొంత సొమ్ము డిపాజిట్ చేస్తారు. అసలు ముట్టకుండా వడ్డీతో ఏటా ఒక ఉపన్యాసం పెట్టాలి. ఎప్పుడో పెట్టిన నిధి పెరగదు, ఖర్చులు ఆగవు. ఇప్పుడు ఆ వడ్డీ వక్త రానుపోను రైలు ఛార్జీకి కూడా సరిపోని నిధులున్నాయి. పగలైతే ఆయన పొద్దున దిగి, మాట్లాడి, వీలైతే కొండకు పోయి దర్శనం చేసుకుని రాత్రి బండికి వెళ్ళిపోతారు. సాయంత్రమైతే గెస్ట్‌హౌస్ ఇంకో రాత్రి ఇవ్వాలి. హాలు వాచ్‌మన్‌కు, మైకు చూసేవాళ్ళకు పనివేళ దాటాక డబ్బివ్వాలి.

పిల్లల్ని ఎందుకు కూర్చోబెడతామంటే, ఖాళీ కుర్చీల ముందు ఒక పెద్దమనిషిని మాట్లాడించలేక. 2017 జనవరిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 104వ సైన్స్ కాంగ్రెస్ జరిగినప్పుడు నోబెల్ గ్రహీతలు వచ్చారు, జనం వాళ్ళంతట వాళ్ళే తోసుకొచ్చారు. ఛందస్సు మీద ఉపన్యాసానికి అలా రారు కదా.

కోనేటిగట్టు
వడ్డీ రైలు ఛార్జీకి చాలదంటున్నారు, శాలువాలకు ఎట్లా చాలుతోంది సార్? ఈ మధ్య నేను పోయిన ఒక సభ చెబుతాను. పదకొండింటికి అన్నారు. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. ప్రార్థన గీతం, జ్యోతి ప్రజ్వలన, ఒక్కొక్కరికీ పరిచయం, ఒక్కొక్కరికీ బొకే. కొందరు రెండు మాటలంటూ లేచి పావుగంట. వక్త మైకు దగ్గరికొచ్చేసరికి పన్నెండున్నర. ఆయన తెచ్చుకున్న కాగితాల్లో సగం పక్కన పెట్టడం ముందు వరసలో కూర్చుని నా కళ్ళతో చూశాను. ఒంటిగంటకు భోజనాలు. చివర శాలువాలు కప్పడానికి మళ్ళీ అందరినీ పైకి పిలిచారు. ప్రశ్నలకు సమయం లేదన్నారు. శాలువాలకు ఉన్న సమయం ప్రశ్నలకు లేకపోయింది.

నేలమట్టం
శాలువా ధర్మనిధి డబ్బుతో కొనం. డిపార్ట్‌మెంటులో మేమే తలా ఇంత వేసుకుంటాం. కప్పకపోతే "మర్యాద తెలీదు" అని మాటపడేదీ మేమే.

కోనేటిగట్టు
ఖర్చు ఎవరిదని నేను అడగలేదు, సమయం ఎవరిదని అడుగుతున్నాను.

నేలమట్టం
మీరు అడిగింది ఖర్చే. పైన "శాలువాలకు ఎట్లా చాలుతోంది" అని మీరే రాశారు.

బెల్లంమండీ, చిత్తూరు
శాలువా సంగతి వదిలేయండి సార్లూ. చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టిన సి.ఆర్.రెడ్డి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్. గొప్ప వక్త అని పేరు. అట్లాంటి మనిషి పుట్టిన జిల్లాలో కూర్చుని మనం శాలువాల లెక్క తేలుస్తున్నాం.

కోనేటిగట్టు
వదలను. మర్యాద పేరుతో వినేవాళ్ళ సమయం తింటున్నారు, దాన్ని ఎవరూ తప్పు అనడం లేదు.

1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉన్నారు. జేమ్స్ కజిన్స్ అప్పుడు ప్రిన్సిపాల్. సాయంత్రం పిల్లలూ పంతుళ్ళూ పాటలకు కూడినచోట జనగణమన పాడి వినిపించారు. దాన్ని అక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. అంతటివాడు వచ్చి పిల్లల మధ్య కూర్చున్నాడు. మన పాత చిత్తూరు జిల్లాలో జరిగిందే ఇది. ఇప్పుడు అదే జిల్లాలో వక్తకూ వినేవాడికీ మధ్య తొమ్మిది కుర్చీలు.

ఇంకొక మాట. ఒక సభలో ప్రశ్నలకు పిలిచినప్పుడు చెయ్యెత్తాను. చిత్తూరు జిల్లా చెరువుల మీద ఉపన్యాసం అది. మాది చెరువు కింద వ్యవసాయం చేసిన కుటుంబం, తూము దగ్గర నీళ్ళ వంతులు ఎట్లా వేసేవాళ్ళో నాకు తెలుసు. "విద్యార్థులకే అవకాశం" అని మైకు వేరేవాళ్ళకు ఇచ్చారు. ఆ విద్యార్థి అడిగిన ప్రశ్న వాళ్ళ సార్ రాసిచ్చింది, కాగితం చూసి చదివాడు. బహిరంగ ఉపన్యాసం అని కార్డు వేసి ఊరివాణ్ణి నోరు తెరవనివ్వకపోతే ఆ కార్డు ఎందుకు?

పాకాల ప్యాసింజర్
మీకు మైకు ఇవ్వలేదని ఇంత బాధ పడతా ఉండారు. ఊరి పెద్దలకు మైకు ఇచ్చిన సభలు నేను చూసినా సార్. ప్రశ్న అడగరు. "నా చిన్నప్పుడు" అని మొదలుపెట్టి ఇంకో ఉపన్యాసం ఇస్తారు. అది అయ్యేసరికి టైమయిపోతాది. మాకు పరీక్షలో వచ్చేది, మేం తెలుసుకోవల్సింది ఒకటుంటాది, అడిగే ధైర్యం కూడగట్టుకొనేసరికి వందన సమర్పణ. ముందు మూడు వరసలూ ఆహ్వానితులకే. మీకు పెన్షన్ ఉండాది, సాయంత్రం ఉండాది. మాకు సెట్ పరీక్ష, నెట్ పరీక్ష, డీఎస్సీ, ఇంటికాడ పాలు. మీ పొద్దుపోవడానికి మా బస్సు పోగొట్టుకోమంటే ఎట్ల?

కోనేటిగట్టు
పెన్షన్ మాట ఎందుకు బాబూ? నేను ఒళ్ళొంచి పనిచేసి తెచ్చుకున్నది అది. పొద్దుపోక వచ్చేవాణ్ణి కాదు. డిగ్రీ తర్వాత చదవాలని ఉండి, ఇంటి పరిస్థితి వల్ల బ్యాంకు పరీక్ష రాసి చేరాను. ఆ చదువు మీద ఆకలి ఇప్పటికీ ఉంది.

కొత్త సినిమా వస్తే తెల్లవారుజాము ఆటకు రాత్రంతా థియేటర్ ముందు నిలబడే పిల్లలకు ఉపన్యాసం అనేసరికి బస్సు గుర్తొస్తోంది. పోనీ నువ్వు పల్లె నుంచి వచ్చేవాడివి, ఒప్పుకుంటాను. హాస్టళ్ళలో ఉన్నవాళ్ళ సంగతేమిటి? అబ్బాయిలు, అమ్మాయిలు అంతా క్యాంపస్‌లోనే ఉంటారు, హాలుకు నడిచి వస్తే సరిపోతుంది. వాళ్ళకేం అడ్డం? ఆసక్తి లేదు, అంతే.

శెట్టిపల్లి
గొంతులు తగ్గించండి. ఇద్దరూ చదువు కోసమే కదా మాట్లాడుతున్నారు.

కార్వేటి
అమ్మాయిలు అన్నారు కాబట్టి నేను రాయాలి. ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను.

నేను ఈ ఊళ్ళోనే ఒకచోట పీహెచ్‌డీ చేశాను, పేరు రాయను. నా విషయం గుడి శాసనాలు. తిరుమల శాసనాలను సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి గారు తీసిన సంపుటాలు పక్కన పెట్టుకుని పగలూ రాత్రీ కూర్చునేదాన్ని. ఆ శాసనాల మీద పనిచేసిన ఒక పెద్ద చరిత్రకారుడు ఉపన్యాసానికి వచ్చారు. పొద్దున పెట్టాల్సింది, ఆయన ప్రయాణం ఆలస్యమై సాయంత్రం ఐదింటికి మార్చారు. కోనేటిగట్టు గారు కోరుకుంటున్న వేళకు దగ్గరగానే. మా హాస్టల్ గేటు ఆరున్నరకు మూసేవాళ్ళు. లేటయితే రిజిస్టర్లో రాసి ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు.

ఆరుంబావుకు ఆయన అసలు విషయంలోకి వచ్చారు. గుడికి ఇచ్చిన సొమ్ముతో ఊరి చెరువులు, కాలువలు ఎట్లా తవ్వించేవాళ్ళో, ఆ పంటలోంచి ప్రసాదాలకు ఎంత పోయేదో ఒక శాసనం తెర మీద వేసి పంక్తి పంక్తి చదువుతున్నారు. అప్పుడే తలుపు దగ్గర మా హాస్టల్ ఆయమ్మ నిలబడి చెయ్యూపింది. ఆడపిల్లలం ఎడమవైపు వరసల్లో ఉన్నాం. ఒకరి తర్వాత ఒకరం లేచాం. మడత కుర్చీలు టపటపా కొట్టుకుంటుంటే ఆయన చదవడం ఆపి "ఎందుకమ్మా, బాగా లేదా?" అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. నేను రెండు పేజీల ప్రశ్నలు రాసుకుని పోయాను. అవి నా నోట్‌బుక్‌లోనే ఉండిపోయాయి. నా బ్యాచ్ అబ్బాయిలు ఉన్నారు, ప్రశ్నలు అడిగారు, ఆయనతో టీ తాగారు. వాళ్ళలో ఒకరు తర్వాత ఆయన ప్రాజెక్టులో చేరారు. అతను తెలివైనవాడే, నాకేం కోపం లేదు. కానీ శాసనాల మీద పనిచేస్తున్నది నేను.

ఆసక్తి లేదు అని ఇంకోసారి రాయకండి సార్.

పాకాల ప్యాసింజర్
అక్కా, ఈ సంగతి నాకు తట్టనే లేదు. మా క్లాసులో అమ్మాయిలే ఎక్కువ మంది.

కోనేటిగట్టు
అమ్మా, నీకు జరిగింది బాధాకరం. నేను అన్నది నిన్ను ఉద్దేశించి కాదు. అయితే గేటు వేళలు ఊరికే పెట్టరు. కన్నవాళ్ళ ధైర్యం కోసం పెడతారు. మా అమ్మాయిని హాస్టల్లో వేసేటప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న గేటు ఎన్నింటికి మూస్తారని. త్వరగా మూస్తారని తెలిశాకే చేర్చాను. అలిపిరి రోడ్డులో రాత్రిపూట ఎవరెవరు తిరుగుతారో మనకు తెలియనిది కాదు. అమ్మాయిలకు ఆ ఉపన్యాసం రికార్డు చేసి ఇస్తే సరిపోతుంది. ఇప్పుడు ఫోన్లలో అందరూ చూస్తున్నారు కదా.

కార్వేటి
అయితే మన తగాదా వేళ గురించి కాదు సార్. ఆరింటికి హాలు ఊరికి తెరవాలంటున్నారు, ఆరున్నరకు మా గేటు మూసే ఉండాలంటున్నారు. మీరు లోపలికి రావాలంటే మేం బయటికి రాకూడదు. రికార్డింగును ప్రశ్న అడగలేను. మీకు ఒకసారి మైకు ఇవ్వలేదని ఇంత రాశారే, రికార్డింగు చూసుకోండి అంటే మీరు ఒప్పుకుంటారా?

భద్రత అన్నారు. యూజీసీ 2015 నిబంధనల్లోనే ఉంది, భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్ళకు అబ్బాయిలకు లేని ఆంక్షలు పెట్టకూడదని. దారిలో దీపాలు వెయ్యాలి, హాలు నుంచి హాస్టల్‌కు బండి తిప్పాలి, గార్డును పెట్టాలి. అది చెయ్యకుండా తాళం వెయ్యడం తేలిక. ఇంకోటి చెబుతాను. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే పట్టుచీరలు కట్టించి పన్నీరు చల్లడానికి మమ్మల్నే నిలబెట్టేవాళ్ళు. ఆ సభ రాత్రి ఎనిమిదిన్నరకు ముగిసినా గేటు తీసే ఉండేది, ఏ ఇంటికీ ఫోన్ పోయేది కాదు. పళ్ళెం పట్టుకుని నిలబడటానికి ఉన్న రాత్రి కూర్చుని వినడానికి ఎందుకు లేదు?

మామిడితోట
ఇది నిజం. మా చెల్లెలు కూడా ఇదే చెప్పింది.

నేలమట్టం
కార్వేటి గారూ, నా పరిధిలో ఉన్నది చెబుతాను. హాజరు షీటు తీసేయడం నా చేతిలో పని, మా డిపార్ట్‌మెంటు వరకు తీసేస్తాను. కుర్చీలు పది ఉంటే పది, హాలు నిండకపోతే చిన్న గదిలో పెడతాను. వేదిక మీద వక్త, అధ్యక్షుడు, ఇద్దరే. గేటు మాత్రం చీఫ్ వార్డెన్ దగ్గర తేలాలి. అందరం కలిసి ఒక అర్జీ పెడితే మంచిది: సాయంత్రం నాలుగున్నరకు మొదలు, ఆరున్నరకు ముగింపు, ఊరివాళ్ళకు ప్రవేశం, ఉపన్యాసం ఉన్న రోజు అమ్మాయిల గేటు ఎనిమిదిన్నర దాకా.

పాకాల ప్యాసింజర్
నాలుగున్నర అయితే నాకూ బస్సు అందుతాది. నేను ఒప్పుకుంటా.

కోనేటిగట్టు
నాలుగున్నరకు ఉద్యోగస్థులు రాలేరు. అయినా పిల్లల కోసం దిగివస్తాను. ఊరివాళ్ళకు ప్రవేశం, శాలువాల రద్దు, ఈ రెంటికీ నా సంతకం ఉంటుంది. గేటు సంగతి తీసేయండి. అది ఉంటే తల్లిదండ్రులు ఎదురు తిరుగుతారు, మొత్తం అర్జీ బుట్టలో పడుతుంది. ముందు దొరికేది సాధించుకుందాం.

కార్వేటి
తీయను. గేటు లేని అర్జీ మీరు పంపుకోండి, ఆపను. ఇప్పుడు హాస్టళ్ళలో ఉన్న అమ్మాయిలతో నేను వేరేగా రాయిస్తాను. ఇద్దరు రాత్రే ఫోన్ చేశారు.

పాకాల ప్యాసింజర్
నా పేరు అక్క రాసేదాంట్లో వెయ్యండి.